హీరోకి నాన్న ముఖం

ఆదివారం, విజయవాడ

తమ్ముడు ఆడే వీడియోగేమ్ వెబ్ సిరీస్‌గా వచ్చిందంటే ఈరోజు అమ్మతో కలిసి ముగ్గురం చూశాం. ఆ గేమ్‌లో హీరో ముఖాన్ని మనమే తయారుచేసుకోవచ్చు. నాన్న పోయాక తమ్ముడు దానికి ఆయన బట్టతల, గుబురు మీసం పెట్టాడు. సిరీస్‌లో మాత్రం మీసం కూడా లేని కుర్రాడెవరో. బాగానే చేశాడు, తప్పు పట్టలేను. అయినా నాకు ఒళ్ళు మండింది.

ఎపిసోడ్ అయ్యాక అమ్మ, "మీ నాన్న ఎప్పుడొస్తారు ఇందులో?" అంది. గేమ్‌లోది బొమ్మేనని అమ్మకి తెలుసు. తెలుసనే అనుకుంటున్నాను...

తమ్ముడు సిరీస్ ఆపేసి గేమ్ పెట్టాడు. కంకిపాడు పొలానికి బయల్దేరినట్టు తెర మీద నాన్న నిలబడ్డారు. వాడు ఏ బటనూ నొక్కలేదు.

"అలా నుంచోబెట్టకురా," అంది అమ్మ. "మోకాళ్ళ నొప్పులు ఆయనకి."