భుజం మీది కాయ

ఏవండీ, మీరు వెళ్ళిపోయి రేపటికి పదకొండు నెలలు. దేవుడి దగ్గర నెమ్మదిగా ఉన్నారనే అనుకుంటున్నాను. నాకు మాత్రం నెమ్మది లేదు... ఒళ్ళంతా కోపంగా ఉంది.

ముందు మీ మీదే. కాలవలో ధాన్యం పడవ నడిపేవాళ్ళందరికీ పడవ తోసే గెడ మోపే చోట భుజం మీద కాయ కాస్తుంది, నిజమే. ఏలూరులో పడవ యజమానులు మనిషిని పనిలో పెట్టుకునే ముందు చొక్కా తీయించి ఆ కాయ తడిమి చూస్తారు, అదీ నిజమే. అంతమాత్రాన, నిమ్మకాయంత ఉన్నది వెలగకాయంత అయినా అది గెడ కాయేనా? పైగా ఉంగుటూరు దగ్గర పడవ ఆగినప్పుడల్లా అందరికీ చూపించి మురిసిపోయారు! "తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా ఇలాంటి కాయ ఇంకెవడికైనా ఉందేమిట్రా?" అని. వాళ్ళూ తడిమి భేష్ అన్నారట. భేషా! వాళ్ళ మొహాలు మండ!

నూనె రాసేటప్పుడే నేను చెప్పాను. గెడ కాయ అయితే పై చర్మం గట్టిపడుతుంది. మీకు చర్మం మెత్తగానే ఉండేది, గడ్డ అడుగున కండలో పాతుకుని ఉండేది. కదిపితే కదిలేది కాదు. డాక్టరు దగ్గరికి వెళదాం రండి అంటే ఏమన్నారు? "నొప్పి లేనిదానికి మందేమిటే, పిచ్చిమొహమా?" ఎన్నిసార్లు అన్నారండీ ఆ మాట? నొప్పి పుట్టి ఉంటే ఎంత బాగుండేది...

ఆ తర్వాత, చివరికి మిమ్మల్ని తీసుకెళ్ళిన ఆ ఏలూరు డాక్టరు మీద. చేత్తో నొక్కి కొవ్వుగడ్డ అన్నాడు, కోశాడు, తీసిన ముక్కను బేసిన్లో పారేశాడు. పరీక్షకు పంపాలని తెలియదా? తెలిసీ పంపలేదా? నాలుగు నెలలు తిరక్కుండా అదే చోట మళ్ళీ లేచింది. అప్పుడు మిషను ఆసుపత్రి డాక్టరు గారు అడిగిన మొదటి మాట, ముందు తీసిన ముక్క తాలూకు కాగితమేదీ అని. ఏ కాగితం చూపించను? ఆయనే చిన్న ముక్క తీసి మద్రాసు పంపారు. సార్కోమా అని వచ్చింది. కండలో పుట్టే రాచపుండట, ఆయన సర్వీసు మొత్తంలో రెండో మూడో చూశారట. భుజంతో సహా చెయ్యి తీసేస్తే బతికే దారి ఉండొచ్చు అన్నారు.

మీరేమో "చెయ్యి లేకపోతే గెడ ఎలా వేస్తానే? నన్నెవడు పనిలో పెట్టుకుంటాడే?" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. మూడు వారాలు! మీరు ఒప్పుకునేసరికి దగ్గు మొదలైంది. ఊపిరితిత్తుల్లోకి పాకింది, ఇక చెయ్యి తీసినా లాభం లేదన్నారు. కూలికి నేను వెళ్ళేదాన్ని కానా? ఒంటిచేత్తో అరుగు మీద కూర్చుని నన్ను కేకలేస్తూ ఉంటే సరిపోయేదండీ నాకు.

ఇప్పటి సంగతి వినండి. ఆమధ్య మీ తమ్ముడు దేవదానానికి తొడలో గడ్డ లేచింది. పడవ అంచు తగిలి వాచిందని మళ్ళీ అదే పాట అందరిదీ. వాణ్ణీ, నా తోడికోడల్నీ బలవంతాన బయలుదేరదీశాను. మిషను డాక్టరు గారు సెలవు మీద వెళ్ళారు. గతిలేక ఆ ఏలూరు డాక్టరు దగ్గరికే వెళ్ళాం.

మళ్ళీ కొవ్వుగడ్డే అన్నాడు! కోయండి, ముక్క మాత్రం మద్రాసు వెళ్ళి తీరాలండీ అని గుమ్మంలో నిలబడ్డాను. డాక్టరు చదువు నువ్వు చదివావా అని కసిరాడు. కసరనీ. కాంపౌండరు కోసిన ముక్కను సీసాలో వేసి మూత బిగించేదాకా వరండాలోంచి కదల్లేదు.

నిన్న కాగితం వచ్చింది. ఉత్త కొవ్వేనట! వదినకు భయం పట్టుకుందని దేవదానం పడీపడీ నవ్వాడు. డాక్టరు ఆ కాగితం నా ముందు ఊపి, నేను ముందే చెప్పలేదా అన్నాడు. మా ఆయనకూ అదే చెప్పారండీ, అన్నాను. కాగితం మడిచి నా చేతిలో పెట్టి లోపలికి పోయాడు.

ఇవాళ మధ్యాహ్నం నా తోడికోడలు మొగుడికి అన్నం వడ్డించి, పక్కన కూర్చుని చేప ముళ్ళు తీసి పెడుతోంది. నాకు ఈర్ష్య పుట్టిందండీ, మీ దగ్గర దాచడమెందుకు? సంతోషమూ వేసింది. రెండూ ఒక్కసారే... అక్కడ ఉండలేక లేచి వచ్చాను.

ఈ కోపం మాత్రం తగ్గనివ్వను. ఈ కాలవ మీద ఎవరి ఒంటిమీద గడ్డ కనపడినా, వాళ్ళు ఎన్ని చెప్పినా వినను. చెయ్యి పట్టుకుని లాక్కుపోతాను.

ఇట్లు,
మీరు మాట వినిపించుకోని మీ భార్య,
సుగుణమ్మ