ఎర్ర టిక్కు

ఒరేయ్ తూనీగా,

అక్క ఆస్పత్రికి రావడం లేదేమని మరదలు బాధపడుతోందట. పడనీ. వస్తే అరుస్తాను. నేను అరిస్తే నర్సులు నన్ను బయటికి గెంటుతారు, నీ తలకు వేసిన పదకొండు కుట్లూ ఊడొస్తాయి. నువ్వు ఫోన్ చూడకూడదనీ, కాగితమైతే రోజుకు కాస్త చదువుకోవచ్చనీ డాక్టరు చెప్పాడట. అందుకే ఈ ఉత్తరం. తొందరేం లేదు, తీరిగ్గా చదువుకో. నా కోపం అంతలో ఎక్కడికీ పోదు.

ఆ కారువాడు వెనక్కి చూడకుండా తలుపు తీశాడు, నువ్వు దానికి గుద్దుకుని వెల్లకిలా పడ్డావు. వాడి సంగతి వేరే చూస్తాను. కానీ మలుపులో కొట్టున్న దర్జీ నాకు ఫోన్ చేసి ఏం చెప్పాడో తెలుసా? "అమ్మా, మీ తమ్ముడు పడిపోయాడు, ఆస్పత్రికి తీసుకెళ్లారు. సైకిలు నా కొట్టు ముందే పెట్టా, హెల్మెట్ కూడా హ్యాండిల్‌కే ఉంది" అన్నాడు. హ్యాండిల్‌కి! ఆ మాటతో నా ఒళ్లు మండిపోయింది. నేను కొత్త నీలం హెల్మెట్ తెచ్చిచ్చింది నీ తలకా, నీ సైకిల్ హ్యాండిల్‌కా?

హెల్మెట్ల ఫ్యాక్టరీలో రోజంతా నేను చేసే పనేమిటో నీకు తెలియనిదా? ఇనుప తలకు హెల్మెట్ తొడిగి, మనిషంత ఎత్తు నుంచి ఇనుప దిమ్మ మీదికి వదులుతాను. ఎన్ని దెబ్బలు తిన్నా పల్లెత్తు మాట అనదని ఆ ఇనుప తలకు మా వాళ్లు 'మామగారు' అని పేరు పెట్టారు. దెబ్బ ఎంత గట్టిదో పక్కనున్న యంత్రం అంకె వేసి చూపిస్తుంది. ఒకసారి హెల్మెట్ లేకుండా మామగారిని వదిలి చూశాం. ఆ అంకె చూశాక ఆ రోజు నాకు భోజనం సహించలేదు. ఇదంతా నీకు ఎన్నిసార్లు చెప్పాను! నీ సాకులు నీకున్నాయి. "చెమట పోస్తుందక్కా." "ఇళ్లకు మందులివ్వడానికి వెళ్లి హెల్మెట్‌తో గుమ్మంలో నిలబడితే ముసలాళ్లు జడుసుకుంటారక్కా." "మెల్లగా తొక్కేవాడికి ఎందుకక్కా, వెళ్లి ఆ కార్లవాళ్లకి చెప్పరాదూ." కార్లవాళ్లకూ చెప్పాల్సిందే. కానీ వాళ్లకు బుద్ధొచ్చేదాకా నీ తల ఆగుతుందా?

అన్నిటికంటే నన్ను కొరుక్కు తింటున్నది ఇది కాదు. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "పెట్టుకున్నావా?" అని అడిగేదాన్ని. "పెట్టుకున్నా" అనేవాడివి. అబద్ధాలకోరువి. ఇన్ని నెలలు రోజూ పొద్దున్నే అక్కకు అబద్ధం వడ్డించావు. ఇవాళ సైకిల్ దిగి, గాలికి రేగిన జుట్టు సర్దుకుంటూ లోపలికి వెళ్లి, మామగారిని వదిలే మీట ఎంత విసురుగా నొక్కానంటే మా సూపర్‌వైజర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

ఇక నీకు హెల్మెట్ గురించి ఒక్క ముక్క కూడా చెప్పను. నీ తల, నీ ఇష్టం.

కుతకుతా ఉడుకుతున్న
నీ అక్క


తమ్ముడూ,

నిన్న నీ సైకిల్ తెచ్చుకుందామని దర్జీ కొట్టుకు వెళ్లాను. హ్యాండిల్‌కు వేలాడుతున్న ఆ నీలం హెల్మెట్ చూడగానే మళ్లీ మండుకొచ్చి, "చూశారా వాడి నిర్వాకం, ఇది ఇక్కడుంటే తల ఏం కావాలి?" అన్నాను. ఆయన కత్తెర పక్కన పెట్టి నన్ను వింతగా చూశాడు. "అదేంటమ్మా, తలమీంచి తీసింది నేనే కదా. బెల్టు గొంతు దగ్గర బిగుసుకుపోతే ఈ కత్తెరతోనే కోశా. వీధిలో పడుంటే ఎవరన్నా ఎత్తుకుపోతారని హ్యాండిల్‌కి తగిలించా" అన్నాడు.

బెల్టు చూశాను, నిజంగానే కత్తెర పడ్డ అంచు. నువ్వు పెట్టుకునే ఉన్నావు. రోజూ నిజమే చెప్పావు. అబద్ధాలకోరువని రాసిన చేతిని ఏం చేసుకోవాలో తెలియక, అక్కడే స్టూలు మీద కూర్చుని హెల్మెట్ తిరగేశాను. పదేళ్ల అలవాటు కదా, దెబ్బ తిన్న హెల్మెట్ చేతికొస్తే లోపల చూడకుండా ఉండలేను. వెనక వైపు థర్మోకోల్ నిలువునా చీలిపోయి ఉంది. సైకిల్ మీంచి పడితే కొత్తది ఇంతలా చీలకూడదే అనుకుంటూ స్పాంజి ఎత్తి చూశాను.

అక్కడ ఎర్ర టిక్కు ఉంది. నా చేత్తో పెట్టిన టిక్కు.

తమ్ముడూ, నేను దాచింది ఇప్పుడు చెబుతున్నాను. నీకిచ్చింది కొత్త హెల్మెట్ కాదు. దెబ్బను మింగేది లోపలి థర్మోకోలే. అది ఒక్కసారే మింగుతుంది, ఆ తర్వాత పైకి ఎంత నిగనిగలాడినా దానిలో ప్రాణం ఉండదు. అందుకే పరీక్ష అయినదానికి ఎర్ర టిక్కు పెట్టి, రంపం కింద రెండుగా కోసేయాలని మా దగ్గర నియమం. ఆ రోజు రంపం పాడైంది. కోయాల్సినవి మూల పోగుపడ్డాయి. పైన ఈ నీలంది. గీత కూడా పడలేదు. నీకు నీలం ఇష్టం. పైగా దానికి పడింది చిన్న దెబ్బ, యంత్రం చూపించింది చిన్న అంకె, నాకు తెలియదా అనుకున్నాను. కొత్తగా చేరిన పిల్లలైతే భయపడి ముట్టుకునేవాళ్లు కాదు. అన్నీ తెలుసన్న పొగరుతో నేను స్పాంజి మళ్లీ అంటించి, సంచిలో వేసుకుని తెచ్చి నీ నెత్తిన పెట్టాను. నేను తెచ్చింది పెట్టుకోలేదని నిన్ను తిట్టాను. నువ్వు పెట్టుకున్నావు కాబట్టే ఇవాళ నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

పొద్దున సూపర్‌వైజర్‌కు అంతా చెప్పేశాను. పరీక్ష బల్ల నుంచి తీసేసి ప్యాకింగ్‌లో వేయమని అడిగాను. ఆదివారం దాకా ఆలోచించుకో అన్నాడు. ఆలోచించేదేం లేదు. ఇంకొకరి తల గురించి నోరెత్తే అర్హత నాకు లేదు. నిన్ను చూడటానికి రావాలని ఉంది, ఏ మొహం పెట్టుకుని రాను?

క్షమించమని అడిగే ధైర్యం కూడా లేని
అక్క


సుత్తక్కకు,

ఈ నాలుగు ముక్కలు రాయడానికి రెండు రోజులు పట్టింది. మధ్యలో మాటలు తప్పిపోతున్నాయి, నీ మరదలు పక్కన కూర్చుని అందిస్తోంది. కోపం మాత్రం తప్పిపోలేదు. కోపం నీ ఒక్కదాని సొత్తనుకున్నావా?

ఎర్ర టిక్కు నేనెప్పుడో చూశాను. రెండో వారంలోనే వానకు తడిసి స్పాంజి ఊడొచ్చింది. టిక్కు పడితే ఆ హెల్మెట్ చచ్చినట్టేనని భోజనాల దగ్గర వందసార్లు చెప్పింది నువ్వే కదా. ఆ రోజు నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, దాన్ని కాలవలోకి విసరబోయాను. కానీ తెల్లారితే నీ ఫోన్ వస్తుంది. పెట్టుకున్నానని నీకు అబద్ధం చెప్పలేను. నిజం చెబితే నువ్వు తలెత్తుకోలేవు. అందుకని జిగురు పూసి స్పాంజి అంటించుకుని, చచ్చినదాన్నే పెట్టుకుని తిరిగాను. నీ తప్పు తేవడం, నా తప్పు చూసి నోరుమూసుకోవడం. అక్కా తమ్ముడూ కలిసి ఒక తల పగలగొట్టాం.

అది కూడా లేకపోతే ఈ ఉత్తరం రాయడానికి మనిషి ఉండేవాడు కాదని డాక్టరు అన్నాడు. మంచిదైతే ఇన్ని కుట్లు పడేవి కావేమో. రెండూ నిజమే, రెండూ మొయ్యి. కానీ బల్ల వదిలేస్తానంటావేమిటి? ఇన్నాళ్లూ నువ్వు చూసింది వట్టి అంకెలు. అంకె వెనక ఎవరి తల ఉందో ఇప్పుడేగా తెలిసింది. వెళ్లి మామగారి పక్కన నిలబడు. టిక్కు పెట్టిన ప్రతిదాన్నీ నీ చేత్తో నువ్వే కొయ్యి.

ఇక అసలు కోపం చెబుతాను, జాగ్రత్తగా విను. పదేళ్లుగా వేల హెల్మెట్లు పగలగొట్టావు. రోజూ ఫ్యాక్టరీకి సైకిల్ మీద ఏం పెట్టుకుని వెళ్తున్నావు? జుట్టు సర్దుకుంటూ లోపలికి వెళ్లానని నీ ఉత్తరంలో నువ్వే రాశావు. అడిగితే "పది నిమిషాల దారేగా" అంటావు. నేను పడింది నేను పనిచేసే మందుల షాపుకు మూడు నిమిషాల దూరంలో.

ఆదివారం రా. సైకిల్ మీదే రా. నా మంచం కిటికీ పక్కనే ఉంది, గేటు బాగా కనిపిస్తుంది. దుకాణంలో కొన్న కొత్త హెల్మెట్లు రెండు కావాలి, ఒకటి నాకు, ఒకటి నీ నెత్తి మీద. వట్టి తలతో గేటు దాటావంటే నర్సులకు చెప్పి నేనే గెంటిస్తాను. నెత్తి మీద ఉంటే లోపలికొచ్చి నీ ఇష్టమొచ్చినంతసేపు కేకలెయ్యి.

పగిలిన తలతో, తగ్గని కోపంతో
తూనీగ