ఎగురుడు కాదు

యాదన్నా,

నేను మేడ మీద, నువ్వు కింద నిలబడి కలిసి చెప్పే ఎగిరే పాముల పాఠం, నువ్వు పోయాక నాకొక్కదానికే ఇచ్చారు. పొద్దున తార్నాకలో మనం చాయ్ తాగే హోటల్లో పాత పేపర్ అడిగితే, "పాముల క్లాసా మేడం?" అన్నాడు ఓనర్.

జువాలజీ బిల్డింగ్ మేడ మీంచి ముందు చుట్టచుట్టిన కాగితం వదిలాను. నిట్టనిలువునా పడింది. విప్పినది తేలుతూ పోయింది. పాము కూడా పక్కటెముకలు చాచి ఒళ్లు ఇలాగే వెడల్పు చేసుకుంటుందని, గాలిలోనూ పాకుతున్నట్టే మెలికలు తిరుగుతుందని చెప్పాను.

"రెక్కల్లేకుండ ఎట్ల ఎగురుతది మేడం?" అని ఒకమ్మాయి అడిగింది.

నీ మాటే అప్పజెప్పాను. "ఎగురుడు కాదమ్మా, పడుడే. జర దూరం పోయి పడ్తది."

ఇంకో కాగితం వదులుతూ, అలవాటుగా "అన్నా, పట్టుకో" అన్నాను. కింద నువ్వు నిలబడే చోట ఎవరిదో స్కూటర్ ఉంది. కాగితం దాని సీటు మీద పడింది.

సరళ