కడిగిపెట్టిన గ్లాసు

నాయనకు, అమ్మకు నాగన్న దండాలు. మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేను ఆదోనిలో బాగానే ఉన్నాను, దిగులు పడొద్దు. ఈ ఉత్తరం చెల్లెలితో ఇంట్లోనే చదివించుకో నాయనా, హోటలు దగ్గర వద్దు.

పత్తి మిల్లులో పని కుదిరింది. ముక్కులోకి, నోట్లోకి దూది పోతుంది. సాయంత్రానికి అందరం తెల్లగా అయిపోయి ఎవరు ఎవరో గుర్తుపట్టలేం. నాకు అదే బాగుంది. నీది ఏ గేరి, ఏ వాడ అని ఎవరూ అడగరు.

కానీ మొదటివారమే పొరపాటు చేశాను. గేటు బయట టీ తాగి, మన ఊరి అలవాటు కదా, గ్లాసు నేనే కడిగి గోడమీద విడిగా పెట్టాను. మన గేరివాళ్లకు గ్లాసులు వేరని నోరు తెరవకుండానే చెప్పుకున్నట్టయింది. నా గదిలో ఉండే బసన్న చూశాడు. హాలహర్వి మనిషి, భూములున్న ఇంటివాడు. గది ఖాళీ చెయ్యమంటాడేమోనని రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడోరోజు మళ్లీ కడగబోతే నా చేతిలో గ్లాసు తీసుకుని మిగతా వాటిలో కలిపేశాడు. "యాదైతే ఏమప్పా, తేడా ల్యా," అన్నాడు. ఏదైనా ఒకటే అనే ఆ మాట ఎద్దుల బేరంలోనే విన్నాను. మనల్ని గురించి ఎవరైనా అనడం ఇదే మొదలు.

అయినా భయం పోలేదు. అమ్మ చేసే జొన్నరొట్టె, గురెళ్ల పొడి గురించి నేనే గొప్పలు చెప్పాను. ఆదివారం మన ఇంటికి వస్తానంటున్నాడు. బస్సు దిగగానే ఆయనకు టీ కావాలి. మన ఊరి హోటలాయన బసన్న ముందరే నన్ను చూరులో మనకని దోపిన గ్లాసు తీసుకోమంటాడు. అందుకే మేం ముందే కాలువ దగ్గర దిగుతాం, నువ్వు అక్కడికి రా.

ఇంతవరకు రాసి, ఉండబట్టలేక బసన్నకు హోటలు సంగతి చెప్పేశాను.

"మా ఊర్లోనూ అంతే. నేనూ సూస్కుంటానే తాగినా," అన్నాడు. తర్వాత, "ఆదివారం ఆడనే తాగుదాం. నాకూ ఆ సూరులో గ్లాసే ఇమ్మంటా," అన్నాడు.

గొడవ అవుతుందేమో, మిమ్మల్ని ఎవరూ కూలికి పిలవరేమో. అయినా పైన రాసిన కాలువ మాట కొట్టేశాను. అవ్వకు, మామకు నా దండాలు చెప్పు. అమ్మను రొట్టెలు నాలుగు ఎక్కువ చెయ్యమను. బస్సు దగ్గరికే రా నాయనా. తువ్వాలు నడుముకు చుట్టుకోవద్దు, భుజంమీదే వేసుకుని రా.

మీ దీవెన కోసం ఎదురుచూసే కొడుకు,
నాగన్న