ఆనకట్ట దాటిన మలుగు పిల్లలు

జల విద్యుత్ కేంద్రం మేనేజరు ఇవాబుచి గారికి,

కొండల్లో మంచు కరిగి, మీ ఆనకట్ట హోరు మా వంటింట్లోకి వినిపిస్తోంది. ఒక సందేహం తీరుస్తారని రాస్తున్నాను.

ఆనకట్ట కట్టినప్పటి నుంచీ మా మామగారు ప్రతి వసంతంలో దిగువన పాముల్లా సన్నగా ఉండే మలుగు చేప పిల్లల్ని బకెట్లో పట్టి, మెట్లెక్కి, ఎగువ నీళ్లలో వదిలేవారు. "ఆ కాంక్రీటు పోసినవాళ్లలో నేనూ ఉన్నానమ్మాయ్. వాటి దారి మూసింది మేమే కదా" అనేవారు. నిరుడు కాలు విరిగి మంచాన పడ్డారు.

అయినా ఈ వసంతంలో ఎగువ వాగులో మలుగు పిల్లలున్నాయి. వేలెడంత కూడా లేనివి, నేనే చూశాను. చెప్పగానే మామగారు మిసో చారు గిన్నె పక్కన పెట్టి, "మోసిందెవరో కనుక్కో" అన్నారు. అప్పటి నుంచి అదే మాట. ఆనకట్ట తడి గోడ పట్టుకుని అవే పైకి పాకుతాయని చేపల కొట్టావిడ అంటోంది. ఇన్నేళ్ల మోత ఉత్తదే అనుకుంటారని ఆ మాట ఆయన చెవిన పడనివ్వలేదు.

మోసింది మీ వాళ్లయితే ఒకసారి టీకి పంపండి. బకెట్ కుదుపులేకుండా ఎలా మోయాలో ఆయన చెబుతారట.

అవే ఎక్కి ఉంటే, అప్పుడూ ఎవరినో ఒకరిని పంపండి. రబ్బరు బూట్లు కాస్త తడుపుకుని రమ్మనండి.

మెట్ల కింది ఇంటి తొకుజో గారి కోడలు