చిక్కడపల్లి క్యూల నా వంతు

ఆదివారం, జూలై 1996, అశోక్‌నగర్ హాస్టల్

ఆపరేషన్స్ రీసెర్చ్ సబ్జెక్టుల క్యూ లెక్కలు ఎంత చదివినా ఎక్కుతలేవు. కండ్లార చూస్తే ఎక్కుతయేమోనని సాయంత్రం చిక్కడపల్లి ఎస్టీడీ బూత్ లైన్ల నిలబడ్డ. ఒక్కొక్కరు ఎన్ని నిమిషాలు మాట్లాడుతున్నరో రాసుకుంట పోయిన. చూస్తుండంగనే నా వంతు వచ్చింది.

"నంబర్ చెప్పు తమ్మీ," అన్నది బూత్ అక్క.

మా ఊర్ల ఫోనే లేదు. పరేషానై మా హాస్టల్ నంబరే చెప్పిన. వార్డెన్ ఎత్తిండు. ఏం మాట్లాడాల్నో తెల్వక నా పేరే అడిగిన: "మల్లేశ్ ఉన్నడా?"

"బయటికి పోయిండు. ఎవరు?"

పెట్టేసిన. బుద్ధి లేదు నాకు.

తిరిగొస్తే రూమ్మేట్లంత ఎదురొచ్చిండ్రు. "అన్నా, రెండేండ్లకు నీకు ఫోనొచ్చింది! ఎవరు?"

ఇంటి నుంచేనని చెప్పిన. వచ్చే ఆదివారం మళ్ల చేస్తరని కూడ చెప్పిన.