ఫ్లాష్‌లో రాయని డిజైన్

బంగారం లాంటి అక్కకు,

ఏడుస్తూ రాస్తున్నాననుకోకు. ఏడుపు రావడం లేదు.

సీసాల ఫ్యాక్టరీ వాళ్ళకు నిన్న మా సర్క్యూట్ బోర్డు చూపించాం. బెల్టు మీద వెళ్ళే సీసాల్లో పగుళ్ళు పట్టుకోవడం దాని పని. అందులోని చిప్పుకు లోపలి దారులు ముందే బిగించి ఉండవు, మనం రాసిన డిజైన్ ప్రకారం కలుస్తాయి. పొద్దున ఒక యంత్రం, మధ్యాహ్నం ఇంకొకటి. కరెంటు తీస్తే మాత్రం ఏదీ మిగలదు. అందుకే పక్కనున్న ఫ్లాష్ మెమరీలో ఒక ప్రతి రాసిపెడతాం. కరెంటు రాగానే చిప్పు దాన్ని చదువుకుని లేస్తుంది.

డిజైన్ నాది. ఫ్లాష్‌లో రాసే పని మా టీమ్ లీడ్‌ది, అంటే నన్ను చేసుకోబోయే నీ మరిదిది. "రాశావా?" అని అడిగితే "నీ నస ఆపు తల్లీ, బోర్డు పనిచేస్తూనే ఉందిగా!" అన్నాడు. కంప్యూటర్ నుంచి కేబుల్‌తో నేరుగా చిప్పులోకి ఎక్కించాం కాబట్టి పనిచేస్తోంది. ప్లగ్గు పీకి పెద్ద గదికి మోసుకెళ్ళి పెడితే ఒక్క దీపం వెలగలేదు. పగిలిన సీసాలన్నీ దర్జాగా వెళ్ళిపోయాయి.

"ఎవరి డిజైన్ ఇది?" అన్నాడు మేనేజర్. నీ మరిది నా వైపు చెయ్యి చూపించాడు. అబద్ధం కూడా కాదు.

తర్వాత వరండాలో, "నువ్వు జూనియర్‌వి, నిన్నెవరూ ఏమీ అనరు. నా ప్రమోషన్ మనిద్దరిదీ కదా" అన్నాడు. నువ్వు పెట్టిన పేరుకు తగ్గట్టే ఏదో గొణిగి తలూపాను. సోమవారం రాజీనామా ఇచ్చేస్తాను. పెళ్ళి మాత్రం అనుకున్నట్టే కానివ్వండి. ఒకే ఇంట్లో ఉండబోతూ ఈ మాట పెంచడం ఎందుకు?

నీ గొణుగుడు

అక్కా,

రాజీనామా ఇవ్వలేదు. ఇద్దామని వెళితే, సీసాల వాళ్ళు ఇంకోసారి చూస్తామన్నారట, "ఈసారి నువ్వే చూపించు" అన్నాడు మేనేజర్. ఫ్లాష్‌లో నేనే రాశాను. అందరి ముందూ ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాను. పగిలిన సీసాలన్నీ పక్క డబ్బాలో పడ్డాయి.

"మరి మొన్నేమైందమ్మా?" అని అడిగారు ఫ్యాక్టరీ పెద్దాయన.

చెబుతాడేమోనని మా లీడ్ వైపు చూశాను. వైరు చేతికి చుట్టుకుంటున్నాడు.

"ఫ్లాష్‌లో రాయలేదండీ. రాయాల్సింది మా లీడ్" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

బయటికొచ్చాక, "ఇంత చిన్నదానికి నలుగురిలో నా పరువు తీశావు" అన్నాడు.

"చిన్నదే. నువ్వు మొన్ననే చెప్పేయాల్సింది" అన్నాను. కోపం కూడా రాలేదు.

పెళ్ళి వద్దని నాన్నకు నువ్వు చెప్పకు. ఆదివారం వచ్చి నేనే చెబుతాను. నువ్వు పక్కన కూర్చుంటే చాలు.

నీ గొణుగుడు